అంచు కింది పిలుపు

తెల్లవారినా మంచు ఇంకా గడప దిగలేదు. కోడలు చెంబు పట్టుకుని పెరట్లోకి వచ్చేసరికి బుడగమేకలు మోకాలెత్తున తేలుతూ, తాళ్ళు బిగిసేలా మెడలు సాచి, ఒకదాన్నొకటి కుమ్ముకుంటున్నాయి. గాలిగడ్డి మేసి మేసి వాటి పొట్టలు తోలుసంచుల్లా ఉబ్బి ఉన్నాయి. ఒక్కోదాన్నీ తాడు పట్టి కిందికి లాగి, మోకాళ్ళ మధ్య ఇరికించుకుంటే తప్ప పాలు పితకడం కుదరదు. కాస్త పట్టు సడలిందా, చెంబుతో సహా పైకి లేస్తాయి.

"ఆగవే తల్లీ, ఎక్కడికి పోతావు? పైన నీకు అత్తారిల్లేమైనా ఉందా?" అని బుజ్జగిస్తూ పొదుగు మీద చెయ్యి వేసింది. పొదుగు వట్టిపోయి ఉంది. ఎవరో అప్పటికే పితికేశారు.

ఎవరో ఏమిటి, ఆమెకు తెలుసు. తలెత్తి దీవి అంచు వైపు చూసింది. మంచులో అత్త వీపు కనబడుతోంది. చేతిలో గిన్నె. తాడు కట్టిన ఆ గిన్నెను మెల్లగా అంచు కిందికి దించుతోంది.

ఆ దీవి కింద నేల లేదు. మబ్బులున్నాయి, ఆ మబ్బుల కింద మళ్ళీ మబ్బులున్నాయి. దీవి కడుపులో ఊరే గాలిదుంపలే దాన్ని అలా తేల్చి నిలబెడుతున్నాయి. అడుగున రాతికి జడల్లా వేలాడే వేళ్ళుంటాయి. ఆ జడవేళ్ళను కోసుకొచ్చి తాళ్ళు పేనడమే ఆ ఇంటి వృత్తి. మూడేళ్ళ కిందట అలా వేళ్ళ కోసం దిగిన కోడలి భర్త మళ్ళీ పైకి రాలేదు.

గిన్నె కిందికి దిగింది. మంచు అడుగు నుంచి ఒక గొంతు వినబడింది.

"అమ్మా... తాడెయ్యవే..."

అదే గొంతు. చివర కాస్త బొంగురుపోయే అదే మగగొంతు. ఎన్నిసార్లు విన్నా కోడలి ఒళ్ళు జలదరిస్తూనే ఉంటుంది. మేకలు ఒక్కసారిగా అరుపులు ఆపేసి, తలలన్నీ అటు తిప్పాయి.

"వచ్చాను నాయనా, తాగు" అంది అత్త.

దాన్ని అందరూ వంతగాడు అంటారు. దీవుల అడుగున రాతి బొరియల్లో అంటిపెట్టుకుని బతికే జంతువు. పూర్తిగా చూసినవాళ్ళెవరూ లేరు. మేకపిల్ల గొంతుతో అరిచి తల్లిమేకను అంచు దాకా రప్పిస్తుంది. ఆ తర్వాత తెగిన తాడే మిగులుతుంది. అందుకే మాటలు వచ్చీరాగానే పిల్లలకు నేర్పేది ఒకటే: కింద నుంచి ఎవరు పిలిచినా పలకొద్దు. కిందికి దిగేవాడు నోరెత్తకూడదు, నడుముకు కట్టుకున్న గంటే కొట్టాలి. వంతగాడికి గంట మోగించడం రాదు.

గిన్నె ఖాళీగా పైకి వచ్చింది. అత్త దాన్ని కొంగుతో తుడుచుకుంటూ ఇంట్లోకి నడిచింది.

"అత్తయ్యా, మళ్ళీనా?"

"ఒక్క గిన్నె పాలకి ఇల్లు గుల్లవుతుందా?"

"పాల గురించా నేను మాట్లాడుతోంది? తిండి దొరక్కపోతే అది ఇంకో దీవికి పోతుంది. మీరు మేపుతున్నారు కాబట్టే ఇక్కడ తిష్ఠ వేసింది. ఇరుగుపొరుగు మన గుమ్మం తొక్కడం మానేశారు, చూడట్లేదా?"

"మంచిదే. గడప అరగదు" అంది అత్త, ముఖం ఇటు తిప్పకుండానే.

 మొన్న జరిగింది కోడలి కళ్ళ ముందు మెదిలింది. ఆ పొద్దున ఆమె తన కూతురు పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని జడ వేస్తోంది. అప్పుడు అంచు కింద నుంచి పాప గొంతు వినబడింది. "నానమ్మా... నానమ్మా..." అని ముద్దుముద్దుగా. ఒళ్ళో ఉన్న పాప కిలకిలా నవ్వి, "అమ్మా, కింద నేను కూడా ఉన్నానా?" అని అడిగింది. కోడలి చేతిలో దువ్వెన జారిపోయింది. ఆ సాయంత్రమే అన్నయ్యకు కబురు పెట్టింది.

* * *

అన్నయ్య గాలిపడవ నడుపుతాడు. మధ్యాహ్నానికి పడవను దీవి వెనక రాటకు కట్టేసి, ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. పాప ఎదురెళ్ళి ఆయన పొట్ట మీద అరచేత్తో కొట్టింది.

"అమ్మా, మామయ్య పొట్ట కూడా ఉబ్బింది. తాడేసి కట్టు, ఎగిరిపోతాడు!"

"కట్టేస్తే భోజనం కూడా పెట్టాలి మరి" అన్నాడాయన నవ్వుతూ. పాప తన మేకపిల్లను లాక్కుంటూ తాళ్ళ కొట్టం వైపు పరుగెత్తింది. ఆ పిల్ల కనుమరుగవగానే ఆయన ముఖంలో నవ్వు పోయింది.

వంటింట్లో ముగ్గురూ కూర్చున్నారు. బయట మంచు మధ్యాహ్నం పూట కూడా విడవకుండా కిటికీని నాకుతోంది.

"అత్తయ్యగారూ, సూటిగా చెప్తాను" అన్నాడు అన్నయ్య. "పెద్ద దీవిలో తాళ్ళ కార్ఖానాలో చెల్లికి పని చూశాను. అక్కడ అంచు చుట్టూ గోడ ఉంది. మేకల్నీ తెచ్చుకోవచ్చు. రేపే బయల్దేరదాం. మీరూ రండి."

"దాన్నీ పిల్లనీ తీసుకెళ్ళు బాబూ. నేను కాదనను. నేను మాత్రం రాను."

"ఒంటరిగా ఏం చేస్తారు?"

"ఒంటరి ఏమిటి? నా కొడుకు ఉన్నాడు."

కోడలు ఇన్నాళ్ళూ పళ్ళ బిగువున ఆపుకున్నదంతా ఒక్కసారిగా కట్ట తెంచుకుంది.

"లేడు అత్తయ్యా! మీ కొడుకు లేడు! అక్కడున్నది వంతగాడు. ఆయన్ని పొట్టన పెట్టుకుంది కూడా అదేనేమో. దానికి మీరు పాలు పోసి పెంచుతున్నారు. నా పిల్ల గొంతు కూడా దానికి నేర్పారు. రోజూ ఆ అంచు దగ్గర కూర్చుని దాంతో కబుర్లాడుతుంటే, వెనకే ఆడుకునే పిల్ల మాటలు దాని చెవిన పడవా? ఆయన పోయింది చాలదా? నాకు కడుపుకోత కూడా పెట్టాలా?"

"చెల్లీ..." అన్నయ్య ఆమె భుజం పట్టుకున్నాడు.

అత్త ముఖంలో కోపం రాలేదు. అదే కోడలిని ఇంకా భయపెట్టింది. ఆ ముసలామె చేతులు ఒళ్ళో పెట్టుకుని, నేల చూస్తూ మెల్లగా అంది.

"అది వంతగాడని నాకు తెలియదనుకున్నావా?"

"తెలిసీ...?"

"వాడి గొంతు దానికెలా వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించావా అమ్మాయ్? అది ఒక్కసారి వినగానే పట్టేసేది కాదు. మేకపిల్ల అరుపు నేర్వాలన్నా విని విని నేరుస్తుంది. అంటే వాడు పిలిచాడు. ఒకసారి కాదు. చాలాసేపు, అవే మాటలు, వేళ్ళు పట్టుకుని వేలాడుతూ పిలిచాడు. అంతసేపు ఎవరూ రాలేదు."

 కోడలికి ఆ ఆలోచన ఇన్నేళ్ళలో ఒక్కసారీ రాలేదు. వచ్చాక ఇక పోయేలా లేదు.

సరిగ్గా అప్పుడే మంచులోంచి వినబడింది.

"అమ్మా!"

పాప గొంతు. అంచు కింద నుంచి.

అన్నయ్య ఒక్క ఉదుటున లేచి తలుపు గడియ పెట్టాడు. "కదలొద్దు చెల్లీ. గంట లేదు. అది వంతగాడు."

"అవును" అంది కోడలు. తన గొంతు తనకే పరాయిగా వినబడింది. "పాప కొట్టంలో ఉంది. ఇప్పుడే వెళ్ళింది కదా. అది వంతగాడే."

"అమ్మా! అమ్మా!"

ఆమె రెండు చేతులతో చెవులు మూసుకుంది. చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నది అదే.  కళ్ళు గట్టిగా మూసుకుంది. తెరిచేసరికి గడియ తీసి ఉంది. అత్త గుమ్మంలో నిలబడి ఉంది.

"అత్తయ్యా, వెళ్ళొద్దు! అది పిల్ల కాదు!"

"కాకపోతే కాకపోనీ" అంది అత్త. "ఈసారి నేను మాత్రం ఇంట్లో కూర్చోను."

ఆమె పరుగెత్తుకు వెళ్ళిపోయింది. 'ఈసారి' అనే ఆ ఒక్క మాట కోడలి గుండెలో ముల్లులా దిగింది. మరుక్షణం ఆమె కూడా లేచి కొట్టం తలుపు తోసింది. తాళ్ళ చుట్టలు వరసగా ఉన్నాయి. పిల్ల లేదు. మేకపిల్లా లేదు. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది.

ఆమె ఎలా పరుగెత్తిందో ఆమెకే తెలియదు. అంచు దగ్గర అత్త బోర్లా పడుకుని కిందికి తొంగి చూస్తోంది. మంచు తప్ప ఏమీ కనబడడం లేదు. కుడివైపు నుంచి "అమ్మా!" అని వినబడింది. ఆ వెంటనే ఎడమవైపు నుంచి "అమ్మా!" అని. అదే గొంతు, అదే ఏడుపు, అదే వెక్కు.

"బుజ్జీ! నీ మేకపిల్ల ఏదమ్మా? చెప్పు! మామయ్య దేంట్లో వచ్చాడు? చెప్పవే!" కోడలు అరిచింది. భయపడిన పిల్లకు ఇంకో మాట రావడం లేదు. రెండు వైపుల నుంచీ ఒకటే వస్తోంది, "అమ్మా" అని.

"ఏది మన పిల్ల, అత్తయ్యా?"

"నాకేం తెలుసు? తెలుసుకుంటూ కూర్చుంటే చెయ్యి జారుతుంది. రెండు తాళ్ళు తే! రెండు వైపులా వేద్దాం!"

అన్నయ్య తాళ్ళు తెచ్చాడు. చివర ఉచ్చులు వేసి, కుడివైపు ఒకటి ఆయన, ఎడమవైపు ఒకటి అత్త దించారు. "ఉచ్చులో దూరమ్మా, చంకల కిందికి తెచ్చుకో" అని కోడలు అటూ ఇటూ పాకుతూ చెబుతోంది. కాసేపటికి కుడితాడు బిగిసింది. ఆమె ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే ఎడమతాడు కూడా బిగిసింది.

అన్నయ్య లాగాడు. కోడలు ఆయన వెనక నిలబడి లాగింది. మంచులోంచి ముందు ఒక చిన్న చెయ్యి వచ్చింది, తర్వాత ఊడిపోయిన జడ, తర్వాత గీరుకుపోయిన మోకాళ్ళు. పాప. మేకపిల్ల తాడు తెంచుకుని అంచు దాటి తేలిపోతుంటే వదలకుండా పట్టుకుందట. దాని గాలిపొట్ట పుణ్యమా అని మెల్లగా దిగి జడవేళ్ళ గుబురులో పడింది. వేళ్ళు పట్టుకున్నాక తాడు చేజారి, మేకపిల్ల మబ్బుల్లోకి పోయింది. కోడలు పిల్లను గుండెకు హత్తుకుని, తల, చేతులు, వేళ్ళు తడిమి తడిమి చూసుకుంది.

"చెల్లీ! అత్తయ్యగారు!"

అత్త తాడును ముంజేతికి చుట్టుకుంది. ఆ తాడు కిందికి లాగుతోంది. గుంజడం లేదు, ఓపిగ్గా లాగుతోంది. అత్త ఒళ్ళు జానెడు జానెడుగా అంచు వైపు జరుగుతోంది. ఆమె విడిపించుకోవడం లేదు. కింద గొంతు మారింది.

"అమ్మా... తాడెయ్యవే..."

కోడలు పిల్లను అన్నయ్య చేతుల్లో పడేసి, అత్త నడుము రెండు చేతులా చుట్టేసింది. అప్పుడు మంచు ఒక్క క్షణం పలచబడింది. కింద తాడు చివరను తెల్లని, వెడల్పాటి అరచెయ్యి లాంటిదేదో పట్టుకుని ఉంది. చంటిపిల్ల పెద్దవాళ్ళ వేలు పట్టుకున్నంత మెత్తగా పట్టుకుని ఉంది. 

"వదిలెయ్యండి అత్తయ్యా!"

"ఒకసారి వదిలేశానే... వాణ్ణి ఒకసారి వదిలేశాను..."

"పాప వచ్చేసింది. మీరే తెచ్చారు. అది ఆయన కాదు, మీకూ తెలుసు. నా కోసం వదిలెయ్యండి. నాకు మీరు కావాలి."

అత్త ఒక్కో చుట్టూ విప్పింది. ఆఖరి చుట్టు దగ్గర కాసేపు ఆగి, వేళ్ళు తెరిచింది. తాడు సర్రున జారి మంచులో కలిసిపోయింది. ఎక్కడా పడిన చప్పుడు లేదు.

* * *

సాయంత్రం పాప మామయ్య పక్కన నిద్రపోయింది. కోడలు అత్త ముంజేతి మీద తాడు కోసిన చోట పసరు పూస్తూ, తలెత్తకుండా అడిగింది.

"ఆ రోజు మీకు వినబడింది కదూ?"

అత్త తల ఊపింది.

"నువ్వు పుట్టింట్లో ఉన్నావు. నేను ఈ మంచం మీదే కునుకు తీస్తున్నాను. పిలుపు వినబడింది. గంట లేదు. నడుముకు గంట కట్టుకున్న తాడు తెగి, గంట అంచున గడ్డిలో పడిపోయిందని తర్వాత కదా తెలిసింది. వంతగాడు వచ్చాడనుకుని చెవుల్లో గుడ్డ కుక్కుకున్నాను. పైగా... పైగా తిట్టుకున్నాను, నిద్ర చెడగొట్టిందని." ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. "నీకెలా చెప్పను? ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

కోడలు కళ్ళలోంచి కారుతున్న నీళ్ళు పసరు చేతితోనే తుడుచుకుంది.

"పొద్దున్న ఈ మాట చెప్పుంటే మిమ్మల్ని జన్మలో క్షమించేదాన్ని కాదు అత్తయ్యా. ఇప్పుడు నాకా హక్కు లేదు. నా పిల్ల పిలిస్తే నేనూ చెవులు మూసుకున్నాను. పిల్ల కొట్టంలో ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. మీరు లేకపోతే..."

 అత్త ఒళ్ళో తల పెట్టి భోరుమంది. అత్త కూడా ఏడ్చింది, మూడేళ్ళలో మొదటిసారి బయటికి వినబడేలా. ఇద్దరూ ఒకరినొకరు ఓదార్చుకోవడం చేతకాక అలాగే ఏడుస్తూ కూర్చున్నారు.

"రేపు మీరూ వస్తున్నారు" అంది కోడలు చివరికి.

"ఇది తెలిశాక కూడా నన్ను తీసుకెళ్తావా?"

"తెలిసింది కాబట్టే. నేనున్న ఇంట్లో, పిలుపు వింటే లేచి పరుగెత్తే మనిషి ఒకరుండాలి."

మర్నాడు పడవ కదిలింది. మేకల్ని పడవ చుట్టూ కట్టారు. అవి గాలిలో తేలుతూ వెంట వస్తున్నాయి. అత్త వెనక చివర కూర్చుంది, దీవి వైపు తిరిగి. పడవ దీవి కిందికి దిగుతుండగా, జడవేళ్ళ చీకట్లోంచి ఆ గొంతు వినబడింది. తాడెయ్యమని అడుగుతోంది.

కోడలు గబుక్కున వెనక్కి వచ్చి, తన అరచేతులతో అత్త చెవులు మూసింది.

అత్త ఆ చేతులు మెల్లగా తీసి, తన ఒళ్ళో పెట్టుకుని పట్టుకుంది.

"విననీవే అమ్మాయ్" అంది. "ఆ రోజు వాడు పిలిచింది పూర్తిగా వినలేదు."

కోడలు ఆమె పక్కనే కూర్చుంది. గొంతు మంచులో మెల్లగా సన్నబడి, ఆగిపోయేదాకా ఇద్దరూ కదలకుండా విన్నారు.