దిగని మనిషి గొంతు

ఆశాజ్యోతికి లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: ఏసురాజు కరెంటు స్తంభం మీద ఉండగానే ఎవరో లైన్ ఇచ్చేయడం. తుపాకులన్నా ఆమెకు అంత భయం లేదు.

ఏసురాజు ఆమె భర్త. ఇద్దరూ ‘కె-సెవెన్’ అనే రహస్య విభాగం ఏజెంట్లు. ఊరి దృష్టిలో అతను కాంట్రాక్టు లైన్‌మన్, ఆమె లాడ్జిలో గదులు తుడిచే మనిషి. ఆ ఉదయం రెండేళ్ల పాపని అత్తగారికి అప్పగించి ఇద్దరూ డ్యూటీ ఎక్కారు.

చీఫ్ శాంతికుమార్ బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది.

“భీమవరం అవతల, రొయ్యల చెరువుల మీదుగా పోయే లైన్. ఏడో స్తంభం మీద పింగాణీ ఇన్సులేటర్‌లా కనిపించేది విదేశీ ముఠా దొంగచాటుగా వినడానికి పెట్టిన లిజనింగ్ డివైస్. ఏసురాజూ, పదకొండుకి లైన్ ఆపించి దాన్ని దింపు. ఆశా, నువ్వు మీ లాడ్జిలో పావని గది వెతుకు.”

“పావని గారు మన విభాగం మనిషే కదండీ?”

“అందుకే వెతకమంటున్నాను.”

డాక్టర్ పావనిది పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, నలభై భాషల క్రియల మీద సర్వే. జరుగుతున్న పనిని, అయిపోయిన పనిని, రోజూ చేసే పనిని ఏ భాష ఎలా విడదీస్తుందో రాసుకుంటుంది. రష్యన్‌లో ఒకే పనికి రెండు క్రియలట. చైనావాళ్ళు క్రియ వెనక చిన్న మాట తగిలిస్తారట. ఈ ఊరివాళ్ళ చేత మాత్రం “తిన్నాను, తింటున్నాను, తింటూ ఉంటాను, తినేశాను” అని చెప్పించి రికార్డు చేస్తుంది.

పదకొండుంబావుకి ఆశ ఆమె గదిలో లాప్‌టాప్ తెరిచింది. పెన్‌డ్రైవ్ గుచ్చగానే పాస్‌వర్డ్ ఊడింది. లోపల రెండు వందల మంది గొంతులు. అందరి చేతా తినడం, నడవడం, నిద్రపోవడం చెప్పించారు. ఏసురాజు ఒక్కడి చేతే ఒకే ఒక్క క్రియ.

దిగుతున్నాను. దిగాను. దిగేశాను.

లైన్ ఆపించుకున్న మనిషే కిందికి దిగి ఫోన్ చేయాలి. ఆ గొంతు వింటేనే సబ్‌స్టేషన్ ఆపరేటర్ కరెంటు ఇస్తాడు. ఇప్పుడా గొంతు మెషిన్ చేతిలో ఉంది. డివైస్ దింపకముందే ముఠాలో ఎవరైనా దాన్ని ఫోన్‌లో వినిపిస్తే చాలు, స్తంభం మీదే అతని పని అయిపోతుంది.

“తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయినదానివి. నీకేం అర్థమైందే?” తలుపు దగ్గర పావని. చేతిలో సైలెన్సర్ తుపాకీ.

“ఆగిపోలేదండి, ఆపేశారు. ఆ తేడా మీకే బాగా తెలియాలి!”

ఫినాయిల్ బకెట్ పావని మొహాన పడింది. తుపాకీ లాక్కుని, ఆమెను బాత్రూంలోకి నెట్టి గొళ్ళెం పెట్టింది ఆశ.

ఏసురాజు ఫోన్ ఎత్తలేదు. స్తంభం ఎక్కేముందు దాన్ని కింద సంచిలో పెడతాడు. సబ్‌స్టేషన్ నంబరు ఎంగేజ్. ఆశ స్కూటీ సబ్‌స్టేషన్ వైపు గాల్లో పోయింది.

సబ్‌స్టేషన్ నిండా రొయ్యల రైతులు. చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగి అరగంటైంది.

“రొయ్య తేలిపోతోందయ్యా! లైన్ ఇస్తావా, మమ్మల్ని కూడా చెరువులో దూకమంటావా?” ఆశకి తెలిసిన రైతు గణేష్‌బాబు అరుస్తున్నాడు.

“ఇచ్చేస్తున్నానండి బాబూ! ఏసురాజు ఇప్పుడే ఫోన్ చేశాడు, దిగేశాడంట.” ఆపరేటర్ పల్లంరాజు చెయ్యి అప్పటికే స్విచ్ మీద ఉంది.

ఆశ ఆ చెయ్యి పట్టుకుని ప్యానెల్‌కి అడ్డంగా నిలబడింది.

“ఎవరమ్మా నువ్వు? తప్పుకో!”

చూపించడానికి ఏజెంట్లకి కార్డులుండవు.

“తప్పుకోను. ఆయన దిగలేదండి.”

“మూడేళ్లుగా వింటున్న గొంతు. నాకు తెలీదా?”

“గొంతు దిగిందేమో. మనిషి దిగాడా? కళ్ళతో చూసినవాళ్ళు ఒక్కరు చెప్పండి, ఆ స్విచ్ నేనే వేస్తాను.”

ఆశ రైతుల వైపు తిరిగింది.

“గణేష్‌బాబు గారూ, ఏడో స్తంభం మీ గట్టు మీదే ఉంది. మీ కాపలా మనిషికి ఫోన్ చేయండి. రొయ్యల్ని మళ్ళీ పెంచుకోవచ్చండి. నాకు ఆయన మళ్ళీ దొరకడు.”

గణేష్‌బాబు గొణుక్కుంటూనే స్పీకర్ పెట్టాడు. “ఒరే అచ్చిబాబూ, మన స్తంభం మీద ఎవరైనా ఉన్నారేంట్రా?”

“ఉన్నాడండి. పింగాణీ ముక్కేదో పీకుతున్నాడండి. దిగమనమంటారా?”

పల్లంరాజు చెయ్యి వెనక్కి తీసుకుని, అది తన చెయ్యి కానట్టు చూసుకుంటూ కుర్చీలో కూలబడ్డాడు.

పదకొండూ నలభైకి ఏసురాజు డివైస్‌తో సహా దిగాడు. లాప్‌టాప్‌లోనే ముఠా పేర్లు కూడా ఉండడంతో అంతా సాయంత్రానికల్లా పట్టుబడ్డారు. పావనిని ఎక్కించుకున్న జీపులో పోలీసులు ఫినాయిల్ వాసన భరించలేక తలలు బయట పెట్టుకుని వెళ్ళారు.

మీ ఊళ్ళో కరెంటు పోతే తిట్టండి, కాదనను. తిట్టేముందు మాత్రం ఒక్కసారి వీధిలోకి వచ్చి, స్తంభం మీద మనిషి ఉన్నాడేమో చూడండి. ఉంటే, “ఏం బాబూ, బాగానే ఉన్నావా?” అని కేకేసి అడగండి.