ఒక కామా, రెండు కాపలాలు

"ఆంటీ, రేపు నన్ను పోలీసులకి అప్పగిస్తారట. ఆ మార్పు నేను చెయ్యలేదు!"

ఇంగ్లీషు మాట్లాడే బుయా పట్టణంలో తన ఇరుకు ఆఫీసులో డిటెక్టివ్ లియోంగా టీ కప్పు పక్కన పెట్టింది. ఎదుట ఎనంగా, ఆసుపత్రులకు మందు మోతాదు చెప్పే ప్రోగ్రాం రాసే కంపెనీ ఉద్యోగిని. మంగళవారం ఆ ప్రోగ్రాం ఒక పసికందుకు రెండున్నర మిల్లీలీటర్లకు బదులు ఇరవై అయిదు చూపింది. నర్సు నమ్మి పట్టేసింది. బిడ్డ ఇంకా కళ్ళు తెరవలేదు.

"ఆ రోజు పన్నెండింటికి నేను తిండికి బయటికెళ్ళాను ఆంటీ. వచ్చేసరికి నా పేరుతో ప్రోగ్రాంలో ఆ మార్పు చేరిపోయింది."

వింటున్న సహాయకుడు మోలువా ఆ వేళ రాసుకున్నాడు.

కంపెనీలో, ఫ్రెంచి మాట్లాడే డువాలా నుంచి వచ్చిన పెద్ద ఇంజనీరు మూకూరి ఎదురొచ్చాడు.

"మాకు రెండు కాపలాలు మేడమ్. మార్పు కమిట్ చేసేముందు, అంటే ప్రోగ్రాంలో చేర్చేముందు, ఎవరి కంప్యూటర్లో వాళ్ళకి ఒక పరీక్ష, చేశాక సర్వర్లో ఇంకోటి. ఈ నియమం పెట్టిందే నేను."

"తప్పించుకోలేరా?"

"మొదటిదాన్ని ఒక్క మాట అదనంగా కొట్టి ఎవరైనా దాటెయ్యొచ్చు. రెండోదాన్ని మాత్రం నా ఒక్కడి దగ్గరే ఉన్న పాస్‌వర్డ్ తాళం లేకుండా ఎవడూ ఆపలేడు."

గోడబోర్డు మీద అతని చేతిరాత: 'పరీక్షకి 2,5 నిమిషాలు. ఓపిక పట్టండి.' లియోంగా అది చదివి, ప్రోగ్రాంలో తప్పు జరిగిన వరస తెరిపించి చూసింది. అందులో 2,5 అని ఉంది.

"నువ్వెక్కడ చదివావే పిల్లా?" వెంట వచ్చిన ఎనంగాని అడిగింది.

"ఇక్కడే ఆంటీ, ఇంగ్లీషు బళ్ళో."

సాయంత్రం యజమానితో సహా అందరినీ కూర్చోబెట్టింది.

"ఈ పిల్ల రెండున్నరని చుక్క పెట్టి రాస్తుంది. ఇక్కడున్నది గోడబోర్డు మీద ఉన్నట్టే కామా; చుక్క బదులు కామా పెట్టడం ఫ్రెంచి బడి అలవాటు. యంత్రం ఆ కామాని మింగేసి ఇరవై అయిదు చేసింది. రెండు పరీక్షలూ దీన్ని పట్టేవే. మొదటిదాన్ని దాటేశారు. రెండోది మంగళవారం పన్నెండు నుంచి పదకొండు నిమిషాలు ఆగిపోయినట్టు సర్వరే చెబుతోంది. ఖాళీ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఎనంగా పేరే పడుతుంది. తాళం ఎవరిదో మూకూరి సారే చెప్పారు."

"కంచే చేను మేసిందా!" మోలువా అదిరిపడ్డాడు.

మూకూరి తలొంచుకుని ఒప్పుకున్నాడు. "ఆ రోజు ప్రోగ్రాం చూడటానికి మంత్రిత్వశాఖ వాళ్ళు కింద ఎదురుచూస్తున్నారు. నా కంప్యూటర్ కింద వాళ్ళ ముందుంది, అందుకే ఎనంగాది వాడా. ఒక్క అంకేగా అని పరీక్షలు ఆపేశా. బిడ్డ సంగతి విన్నాక భయపడి నిజం దాచేశా."

"క్షమించమ్మా, పనిలోకి వచ్చెయ్యి," అన్నాడు యజమాని.

ఎనంగా అతని వైపు చూడలేదు. తన ఫోన్లో ఒక నంబరు నొక్కి మూకూరి చేతిలో పెట్టింది.

"ఆ బిడ్డ తల్లి. మూడు రోజులుగా నన్ను శపిస్తోంది సార్. మీరే మాట్లాడండి."

అవతల ఫోన్ ఎత్తారు.