మూడువందల ఎనభై డిగ్రీలు

టామ్సిన్ నా షెడ్డు తలుపును కాలితో తన్నింది. చేతులు ఖాళీ లేవు మరి. ఒక చేతిలో గాజు గొట్టం, ఇంకో చేతిలో వైర్లు వేలాడుతున్న కంట్రోలర్ పెట్టె. జుట్టులోంచి వాన కారుతోంది.

"నువ్వు బాగుచేసిన యంత్రం ఇదేనా?"

పాలు పితికే మెషీన్ మోటారు పక్కన పెట్టి, ఔనన్నట్టు తలూపాను.

"తల కాదు వెండెల్, నోరు! మా అమ్మమ్మ ఒక్కసారి పీల్చి ఏమందో తెలుసా? తడి మేజోడు కాల్చినట్టుందంది! నాలుగేళ్లు పెంచిన నా మొక్క, తడి మేజోడు!"

మా ఆపిల్‌గేట్ లోయలో లైసెన్సుతో గంజాయి పండించేవాళ్లందరికీ టామ్సిన్ అమ్మమ్మ ఒడెట్టాగారి నాలుక సంగతి తెలుసు. ఇంట్లో పుట్టిన కొత్త రకాన్ని ఆమె రుచి చూసి పేరు పెడితేనే వాళ్ల పొలంలో దానికి చోటు. పేరు పెట్టకపోతే తల్లి మొక్కతో సహా ఎరువు గుంటలోకి. డాక్టరు పొగ మానమన్నాక ఆవిడ మొగ్గను కాల్చడం లేదు. కరెంటుతో వేడిచేసి, నీళ్లలోంచి వచ్చే ఆవిరి మాత్రం పీలుస్తుంది. ఆ యంత్రం పోయిన వారం పాడైతే నా దగ్గరికి వచ్చింది.

"ఎంత వేడి పెట్టావు?"

"ఎప్పుడూ పెట్టేదే. మూడువందల ఎనభై."

గిన్నెలోకి చూశాను. మొగ్గ లేత గోధుమరంగుకు తిరగాలి. బొగ్గయిపోయి ఉంది.

ఆ కంట్రోలర్ నాది. మా అమ్మ హాలండ్ మనిషి. ఇంట్లో చీజ్ కాచడమంతా సెల్సియస్‌లోనే. పెట్టెను ఫారన్‌హీట్‌కి మార్చడం మర్చిపోయాను. టామ్సిన్ తన అంకె తను నొక్కింది. ఆమె ఫారన్‌హీట్ లెక్కలో అది ఏడువందల పదహారు. ఆ వేడికి మేజోడేమిటి, బూటు కూడా కాలుతుంది.

"తప్పు నాది," అన్నాను.

"అది దారిలోనే అనుకున్నాను. ఏం తప్పు?"

చెప్పాను. ఆమె ముఖం వెలిగింది. "అయితే నా మొక్క మంచిదే!" అంతలోనే పాలిపోయింది. "అయ్యో, అమ్మమ్మ పార పట్టుకుని తోటలోకి వెళ్లింది!"

నా పాత ట్రక్కు బురదలో ఊగుతూ పరుగెత్తింది. ఒళ్లో యంత్రం పెట్టుకుని టామ్సిన్ అడిగింది. "ఈ పెట్టె ఎక్కడిది?"

"చీజ్ తొట్టిది."

"మరి నీ చీజ్?"

"పాడైంది. పందులకు పోశాను."

"పిచ్చా నీకు?"

"కొత్త పెట్టెకు మూడు వారాలన్నారు. నీకేమో శనివారానికి కావాలి."

టామ్సిన్ ఒళ్లో యంత్రాన్ని మరింత గట్టిగా పట్టుకుంది. వైపర్లు రెండూ అటూ ఇటూ తిరుగుతున్నాయి.

ప్లాస్టిక్ పందిరి కింద ఒడెట్టాగారు తల్లి మొక్క మొదట్లో పార దింపేసి ఉన్నారు.

"ఆగు అమ్మమ్మా! వెండెల్ ఒక మాట చెప్పాలట."

"వీడా? వీడు నోరు తెరిచేలోగా మూడు మొక్కలు పీకేస్తాను," అని ఆవిడ పార మీద కాలు వేసింది.

వేరు తెగిన చప్పుడు వినిపించింది. నాలో కూడా ఏదో తెగింది.

"ఒడెట్టాగారూ, మొక్క తప్పు కాదు. నాది. యంత్రాన్ని సెల్సియస్ నుంచి మార్చలేదు. నిరుడు మీ నీళ్ల పంపు బాగుచేయడం రెండు రోజుల్లోనే అయిపోయింది. పది రోజులు ఉంచుకున్నాను, అయిందా అని అడగడానికి టామ్సిన్ రోజూ వస్తుందని. ఆమె ఈ మొక్కకు నాలుగేళ్లు చాకిరీ చేసింది. నేను ఆమెను మూడేళ్లుగా చూస్తున్నాను. దయచేసి పీకకండి."

టామ్సిన్ గిర్రున నా వైపు తిరిగింది.

"ఇంత మాట్లాడతాడా వీడు!" ఒడెట్టాగారు పార వదిలేశారు. "పెట్టు ఆ యంత్రం."

సెల్సియస్ లెక్కలోనే నూట తొంభై మూడు పెట్టాను. టామ్సిన్ కొత్త మొగ్గ నలిపి గిన్నెలో వేసింది. గొట్టంలో నీళ్లు గలగలమన్నాయి. ఒడెట్టాగారు కళ్లు మూసుకున్నారు. దగ్గలేదు.

"యాపిల్ తొక్క," అన్నారు కళ్లు తెరిచి. "వెనకాల తడిసిన దేవదారు. బాగుందే పిల్లా. పై మడి నీ మొక్కకే."

చీటీ మీద కొత్త రకం పేరు రాసి ఇచ్చారు. టామ్సిన్ పైకి చదివింది. "వెండెల్ నోరు విప్పాడు."

"ఇంత పేరు మొగ్గల సీసా మీద పడుతుందా అమ్మమ్మా?"

"చిన్న అక్షరాలు రాయి," అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

మేమిద్దరం మిగిలాం. టామ్సిన్ తల్లి మొక్క మొదట్లోకి మట్టి ఎగదోసింది. నేను పక్కన కూర్చుని అదిమాను.

"మా పంపు మళ్లీ చప్పుడు చేస్తోంది," అంది తలెత్తకుండా. "ఈసారి ఎన్నాళ్లు పడుతుంది?"

వేళ్లు చూపించబోయి, ఆగి, నోటితోనే చెప్పాను.

"చాలా ఏళ్లు."