గజం అంగ

ఇబ్రహీంపట్నంలో నా ఎడమ కాలిని చూడని వైద్యుడు లేడు. అది ఎందుకు నొస్తోందో చెప్పిన వైద్యుడూ లేడు.

బొంగులూరులో ప్లాట్లు అమ్మే వెంచర్లో బ్యానర్ కడుతూ నిచ్చెన మీంచి పడి నాలుగు నెలలైంది. కట్లు కట్టే ఆయన ఆకుపసరు పూసి, నరం తప్పిందన్నాడు. సిటీలో ఒక పెద్ద డాక్టర్ స్కాన్ తీయించి, ఎముక బాగుందని నా ముఖం కూడా చూడకుండా చెప్పాడు. మా మేనత్త శంకరమ్మ మాత్రం దిష్టి అని తేల్చేసింది. దిష్టి తగలడానికి నా దగ్గర ఏముందో ఆమే చెప్పాలి.

చివరికి బస్టాండ్ వెనకున్న ఫిజియోథెరపీ క్లినిక్‌కి పోయాను. అక్కడ భవిత ఉంది.

"పేరు?"

"ఇంద్రసేన."

"పేరు మస్తుంది. ఏం పని చేస్తవ్?"

"రియల్ ఎస్టేట్, మేడం."

"ఈ ఊర్ల ఇంకో పనే లేనట్టుంది," అంటూ తొడ వెనక వేలితో నొక్కింది. నేను కెవ్వుమన్నాను. "ఇగో, ఇక్కడ కండ చినిగింది. ఎముకల ఫొటోల ఇది కనబడతదా? పడ్డంక రెస్ట్ తీసుకుంటున్నవా?"

"అవ్ మేడం. మొత్తం రెస్టే."

పచ్చి అబద్ధం. నా అంగకు వెంచర్లో పెద్ద పేరు. ఒక అంగ అంటే సరిగ్గా ఒక గజం. టేపుని సాగదీస్తారని అనుమానపడే కస్టమర్లు నా కాళ్లని మాత్రం గుడ్డిగా నమ్మేవాళ్లు. పడ్డాక కూడా రోజుకు పది ప్లాట్లు అలా కొలిచి చూపిస్తూనే ఉన్నాను.

ఐదు గురువారాలు క్లినిక్‌కి పోయాను. నొప్పి ఇసుమంతైనా తగ్గలేదు. "నీ కాలు నీ లెక్కనే మొండిది," అని ప్రతిసారీ తిట్టేది. ఆ తిట్ల కోసం నేను బుధవారం నుంచే చొక్కా ఇస్త్రీ చేసుకునేవాణ్ణి. సిగ్గులేని జన్మ!

ఒక ఆదివారం తుంపర పడుతుండగా వెంచర్ ముందు ఆటో ఆగింది. అందులోంచి భవిత, వాళ్ల నాన్న పరమేశ్వర్ దిగారు. ప్లాటు చూడ్డానికొచ్చారు.

"అంగలేసి చూపియ్యి బిడ్డా, నీ గురించి మస్తు విన్న," అన్నాడాయన.

తప్పించుకునే దారి లేదు. భవిత వైపు చూడకుండా పళ్లు బిగించి ప్లాటు వెడల్పున అంగలేశాను.

"పదకొండు! కాయితం మీద పదే ఉన్నది, సార్. హద్దురాళ్లు పాతినోడు కండ్లు మూసుకొని పాతిండు. మీకు గజం ఎక్కువొచ్చింది!"

నాలుగు నెలలుగా ప్రతి ప్లాటూ ఇలాగే ఎక్కువొస్తోంది. రాళ్లు పాతినవాణ్ణి నేను తిట్టని రోజు లేదు.

"రాళ్లు మంచిగనే పాతిండ్రు, బాపు," అంది భవిత. "ఈయనే ఎడమ కాలు పొట్టిగ వేస్తుండు. టేపు తీయి."

తీశాను. సరిగ్గా ముప్పై అడుగులు. పది గజాలే. తల కొట్టేసినట్టయింది.

పరమేశ్వర్ నవ్వుకుంటూ బోరు చూడ్డానికి పోయాడు. భవిత నవ్వలేదు.

"ఇదేనా నీ రెస్ట్? అంగ సాచినప్పుడల్లా అతుక్కున్న కండ మళ్ల చినుగుతది. ఊర్లున్న డాక్టర్లందరినీ తిట్టినవ్ గద, నువ్వు చేసే పని ఒక్కరికన్న చెప్పినవా?"

"చెప్పలే."

"ఇట్లనే చేస్తే జిందగీ మొత్తం కుంటుతవ్. నాకెందుకు అబద్ధం చెప్పినవ్?"

ఆ మాటకు నిజంగా భయం వేసింది. ఇక దాచి లాభం లేదు.

"అంగలు బందైతే ఇక్కడ నన్నెవ్వడు దేకడు. అదొకటి. ఇంకోటేమో, నీ ముంగట చేతగానోని లెక్క కనబడొద్దనుకున్న."

"నా దగ్గరికొచ్చిందే కుంటుకుంట గద!" అని ఫక్కున నవ్వింది. ఐదు వారాల్లో మొదటిసారి.

"నువ్వంటే ఇష్టం, భవితా," అనేశాను.

నవ్వు ఆగింది. తడిసిన టేపుని చున్నీతో తుడుస్తూ మెల్లగా చుట్టింది.

"ఆరు వారాలు టేపుతోనే కొలువు. గురువారం క్లినిక్‌కి రా," అంది.

"నయమైనంక?"

"ఇంటికి రా. కుంటుకుంట వస్తే మాత్రం మా బాపు పిల్లనియ్యడు."