పట్టీ తెగని పెట్టె

ఫిజీ రాజధాని సువాలో, సముద్రపు గట్టు మీద కూర్చుని ఏజెంట్ జోనే తన ఆఖరి భోజనం మూత తీశాడు. కొబ్బరిపాలలో ఉడికిన చేప, పక్కన కర్రపెండలం ముక్కలు. ఆకలి మీదున్నాడు, ఆబగా తిన్నాడు. పెట్టె సగం కూడా ఖాళీ కాకముందే చేతిలోంచి జారి రాళ్ళ మీద పడింది. కాసేపటికి జోనే కూడా దాని పక్కకే ఒరిగాడు.

మర్నాడు పొద్దున్నే సేరు నైవాలు పోస్టుమార్టం రిపోర్టు పట్టుకుని, తలుపు తట్టకుండా, డైరెక్టర్ గౌండర్ గదిలోకి దూసుకొచ్చాడు. పైకి చూస్తే సేరు, వాలు బే అనే పేటలోని అట్టపెట్టెల ఫ్యాక్టరీలో డిజైనర్. లోపల మాత్రం దీవుల రక్షణ విభాగంలో ఏజెంట్. హోటళ్ళలో పార్సిల్ కట్టే భోజనం పెట్టెల అడుగున దొంగ అర పెట్టి, అందులో కబుర్లు చేరవేయడం అతని పని. చచ్చిపోయిన జోనే అతని అక్క మొగుడు.

“కూర్చో,” అన్నాడు గౌండర్.

“కూర్చోను సార్. జోనే పెట్టె మూత ఎవరిది?”

“నీదే. నీ డిజైనే.”

“నేను వద్దని చెప్పిన డిజైను. నొక్కితే మూసుకుంటుంది, ఎత్తితే తెరుచుకుంటుంది. ఎవడైనా తెరిచి, కలపాల్సింది కలిపి, మళ్ళీ నొక్కేసి పోవచ్చు. తెంపితే తప్ప తెరుచుకోని పట్టీ పెడతానని నెత్తీ నోరూ కొట్టుకున్నా. మీరేమన్నారు?”

గౌండర్ కిటికీలోంచి రేవులోకి చూశాడు.

“అన్నం తినడానికి మనిషి పెట్టెతో కుస్తీ పట్టాలా అన్నారు. ఆ మాట మా అక్క దగ్గరికొచ్చి చెప్పండి సార్. మీ నోటితోనే చెప్పండి.”

గౌండర్ చెడ్డవాడు కాదు. కానీ చేసిన తప్పు ఒప్పుకోవడం కన్నా కొత్త ఫైలు తెరవడం తేలికనుకునే రకం. ఇప్పుడూ అదే చేశాడు.

“నీలి గాలం,” అన్నాడు ఫైలు తోస్తూ. “విదేశీ చేపల ఓడల వాళ్ళ జీతగాళ్ళు. జోనే వాళ్ళ వెనకే పడ్డాడు, అందుకే పోయాడు. వచ్చే వారం దీవుల మత్స్యశాఖ మంత్రులందరూ ఇక్కడ కలుస్తున్నారు. ఒప్పందం మీద సంతకాలైతే ఆ ఓడలు మన నీళ్ళలో వల వేయలేవు. మిగతా మంత్రులు తలో దిక్కు లాగుతున్నారు. వాళ్ళని ఒక్కతాటి మీద నిలిపింది ఒక్కరే, మన మంత్రి బులో సెనిమిలి. ఆవిడ పోతే ఒప్పందం కూడా పోయినట్టే.”

“ఎలా చంపుతారు?”

“వాళ్ళ వైర్‌లెస్ కబురొకటి పట్టుకున్నాం. ‘మొదట పెట్టె. పెట్టె తప్పితే, పక్కనున్న చెయ్యి పని ముగిస్తుంది.’ అంటే భోజనంలో విషం. అది బయటపడి గోల లేచిందా, ఆవిడ పక్కనే ఉన్న ఎవడో అక్కడికక్కడే చంపుతాడు. ఎవడో తెలీదు. అందుకే గోల లేవకూడదు. నీ మిషన్ అదే. ఆ పట్టీ పెట్టె తయారు చెయ్. ఆ రోజు హాల్లో అందరూ అదే తింటారు.”

అప్పుడే తలుపు తీసుకుని ఒక అమ్మాయి లోపలికొచ్చింది. జడలో తెల్లటి తాబేటిచిప్ప దువ్వెన. గదిలో ఫ్యాను కూడా తన కోసమే తిరుగుతున్నట్టు నిలబడింది.

“అలేసి,” అన్నాడు గౌండర్. “నీలి గాలం లోపల మన మనిషి. సిడ్నీలో పెరిగింది, తండ్రిది నకాసా. బులోదీ ఆ ఊరే, అందుకే ఆవిడకి సహాయకురాలిగా పెట్టాం.”

నకాసా అనేసరికి అంత కోపంలోనూ సేరు నోరు ఊరుకోలేదు. అతనిది వైతోకా. ఈ రెండూ తౌవూ ఊళ్ళు, అంటే ఒకే మూలదేవత సంతానం. ఎదురుపడితే తిట్టుకోవాలి, చేతికందింది లాక్కోవాలి. కోపం తెచ్చుకున్నవాళ్ళు ఓడిపోయినట్టు.

“నకాసా వాళ్ళు పీతల్ని చూసి చెట్టెక్కుతారట కదా?”

“ఎక్కుతాం. కింద మీ వైతోకా వాళ్ళు ఆ పీతలకి కాళ్ళు పడుతుంటారుగా, వాళ్ళని చూడ్డానికి,” అంది అలేసి తడుముకోకుండా.

జవాబు బాగుంది. సేరుకి ఆ అమ్మాయి నచ్చింది కూడా.

ఆ వారమంతా సేరు ఫ్యాక్టరీలోనే పడి ఉన్నాడు. చెరకు పిప్పితో పోతపోసిన పెట్టె, మూత చుట్టూ ఎర్ర పట్టీ. కత్తి మొనకి లేవకూడదు, ఆవిరికి ఊడకూడదు, ఒకసారి తెగితే మళ్ళీ ఏ జిగురుతోనూ అతక్కూడదు. అది సగం పనే. బులో వేళ్ళు కీళ్ళవాతంతో అల్లం కొమ్ముల్లా వాచిపోయి ఉంటాయి. మామూలు పట్టీ కొస ఆవిడకు చిక్కదు. అందుకని ఆవిడ ఇంటికెళ్ళి వేళ్ళు కొలుచుకుని, ఆ వేలు దూరేంత ఉంగరం పట్టీకి తగిలించాడు. ఉంగరం ఉన్న పెట్టెలు రెండే చేశాడు. ఒకటి బులోకి, రెండోది దారిలో మొదటిది పాడైతే వాడటానికి.

మూత ఎలా తెరుచుకుంటుందో చూడమని పెట్టెలు తీసుకుని అక్క లవేనియా దగ్గరికి వెళ్ళాడు. ఆమె నల్లబట్టల్లో చాప మీద కూర్చుని ఒక్కొక్క పట్టీ లాగింది. ప్రతిదీ ఒక్క లాగుకే చర్రుమని తెగింది. అన్నీ తెంపి, తెగిన పట్టీలు ఒళ్ళో పోసుకుంది.

“ఇంత చిన్న పని ముందే ఎందుకు చెయ్యలేదురా?”

సేరు లేచి బయటికొచ్చి ఫ్యాక్టరీ వ్యాను తలుపుని కాలితో తన్నాడు. తలుపు సొట్టపోయింది, కోపం మాత్రం అలాగే ఉంది.

మంత్రుల సమావేశం రోజున సేరు వంటవాడి ఏప్రన్ కట్టి వంటశాల గుమ్మంలో నిలబడ్డాడు. అన్నం, చేప, టారో అనే చేమ ఆకుల పొట్లాలు నింపి, పట్టీలు బిగించి, పెట్టెలు వరసలో పెడుతున్నారు. బులో పెట్టె అతను స్వయంగా నింపి మూశాడు. దాన్ని తీసుకెళ్ళడానికి అలేసి వచ్చింది.

“ఇవాళ చేపలో పులుపు తగ్గింది,” అన్నాడు సేరు. అది కోడ్.

“నిమ్మకాయ పిండుకో,” అంది అలేసి. కోడ్ సరిపోయింది. “ఆ రెండో పెట్టె కూడా ఇలా ఇవ్వు. హాలు దాకా వెళ్ళేలోపు చెయ్యి జారిందనుకో, నేనే మార్చేస్తా.”

ఇచ్చాడు. ఎందుకివ్వడు? మనవాళ్ళ మనిషి, పైగా తౌవూ.

పెట్టెలన్నీ హాల్లోకి వెళ్ళిపోయాయి. లోపల తలతలా, అంటే చర్చి పాదిరి, ప్రార్థన మొదలుపెట్టాడు. ఫిజీలో ప్రార్థన అయ్యేదాకా ఎంత గొప్పవాడైనా మూత మీద చెయ్యి వేయడు. తలతలా మొదలెట్టాడంటే నోవహు ఓడ దగ్గర్నుంచి ఒక్క చేపని కూడా వదిలిపెట్టడు. ఎప్పుడూ విసుక్కునే సేరు ఇవాళా విసుక్కుంటూ, చేతులు కడుక్కోవడానికి వంటశాల వెనక్కి వెళ్ళాడు.

అక్కడ చెత్తడబ్బాలో, కర్రపెండలం తొక్కల మధ్య, ఎర్రగా ఏదో కనిపించింది. లాగాడు. తెగిన పట్టీ. దాని చివర ఉంగరం.

ఇంకా ఎవరూ ఏ పెట్టే తెరవలేదు. మరి ఉంగరం పట్టీ ఎలా తెగింది?

బులో పెట్టె తెరిచారు, విషం కలిపారు, అన్నం రెండో పెట్టెలోకి మార్చి కొత్త పట్టీ బిగించారు. ఇప్పుడు బులో ముందున్న పెట్టె పట్టీ తెగలేదు, మూత చెదరలేదు. కాపలా కోసం చేసిన మూత ఇప్పుడు హంతకురాలి తరఫున సాక్ష్యం చెబుతోంది. జోనే కబుర్లన్నీ అలేసి చేతుల మీదుగానే వెళ్ళి ఉండాలని సేరుకి అప్పుడు వెలిగింది.

హాలు గుమ్మం దగ్గరికి పరిగెత్తాడు. అందరూ చాపల మీద తలలు వంచి, కళ్ళు మూసుకుని ఉన్నారు. రెండే కళ్ళు తెరిచి ఉన్నాయి. అవి బులో వెనక కూర్చున్న అలేసివి. చెయ్యి జడలో దువ్వెన మీద ఉంది. పక్కనున్న చెయ్యి అదే. ‘విషం’ అని అరిచాడా, ఆ దువ్వెన బులో మెడలో దిగుతుంది. ఊరుకున్నాడా, ఆమెన్ తర్వాత మొదటి ముద్ద.

పెద్దల మధ్యన నిలువుగా నడవకూడదు. సేరు మోకాళ్ళ మీద పాకడం మొదలెట్టాడు. ఇన్నేళ్ళలో మొట్టమొదటిసారి తలతలా ఇంకాస్త లాగాలని దేవుణ్ణి వేడుకున్నాడు. తలతలా రాజుల్ని దీవించాడు, పడవల్ని దీవించాడు, వండినవాళ్ళని దీవించాడు. అక్కడితో ఆగిపోయాడు.

“ఆమెన్.”

బులో వాచిన వేలు ఉంగరంలో దూరింది. చర్రుమని పట్టీ తెగింది. అంత సులువుగా తెగినందుకు సేరు తనని తానే తిట్టుకున్నాడు. బులో మూత ఎత్తి, టారో ఆకుల పొట్లం తుంచి, నోటి దాకా తెచ్చింది.

సేరు ఒక్క చేత్తో ఆ ముద్ద కొట్టేశాడు, రెండో చేత్తో పెట్టె లాక్కున్నాడు.

హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. మంత్రి నోటి ముందు కూడు లాక్కోవడమంటే మాటలు కాదు.

“ఏయ్ ముసలీ,” అన్నాడు సేరు తాపీగా. “పోయినేడు మీ నకాసా వాళ్ళు మా ఊరి పందిని ఎత్తుకెళ్ళి కాల్చుకుతిన్నారు. ఇవాళ నీ కూడు నాది.”

బులో అతని మొహంలోకి చూసింది, గుర్తుపట్టింది. వెంటనే పకపకా నవ్వింది. హాలు మొత్తం గొల్లుమంది. టోంగా మంత్రి తొడ చరుచుకున్నాడు.

“వైతోకా దొంగ వెధవా! మీ తాత మా పడవ దొబ్బాడు, నువ్వు నా నోటికాడ కూడు దొబ్బుతున్నావా? నీ పెట్టె ఏదిరా? ఇటు తే, అదీ తినేస్తా, నిన్నూ తినేస్తా.”

నకాసాలో పుట్టినవాళ్ళెవరైనా ఆ సరికి సేరు చొక్కా కూడా లాక్కుని ఉండాలి. అలేసి ఒక్కతే నవ్వలేదు. ఎగతాళి మాటలు కంఠతా పట్టింది కానీ, మంత్రి దగ్గరైనా లాక్కునే హక్కుందని ఆమెకెవరూ నేర్పలేదు.

“సేరు గారూ, దయచేసి అది తిరిగి ఇచ్చేయండి. అది బులో గారి భోజనం. మర్యాదగా ఉండదు,” అంది.

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. తౌవూని గారూ అనడం, దయచేసి అనడం అక్కడ ఎవరూ వినలేదు. బులో మెల్లగా వెనక్కి తిరిగింది.

“నువ్వు ఎవరి కూతురివే?”

అలేసి చెయ్యి విసురుగా కదిలింది. దువ్వెన బయటికొచ్చింది. దాని పన్నొకటి నొక్కింది, లోపలి సూది క్లిక్కుమంది. సేరు చేతిలోని పెట్టె మూత మూసి బులో గొంతుకి అడ్డం పెట్టాడు. సూది చెరకు పిప్పిలో టక్కున దిగి, అవతలికి రాకుండా ఆగిపోయింది. అలేసి రెండో పన్ను నొక్కేలోపు తలతలా గాల్లోకి లేచాడు. కుర్రతనంలో జిల్లా జట్టుకి రగ్బీ ఆడిన మనిషి. ఆమెతో పాటు మూడు చాపలు దాటి పడ్డాడు, ఆమెని కట్టేసేదాకా మీంచి లేవలేదు. బైబిలు మాత్రం చేతిలోనే ఉంది.

బులో ఆ పూట సేరు వంతుకి ఉంచిన పెట్టెలోని చేప తింటూనే సంతకం చేసింది. మిగతావాళ్ళూ చేశారు.

సాయంత్రం విచారణ గదిలో అలేసి చేతులకి బేడీలతో కూర్చుంది. జోనే భోజనం తనే అందించానని దాచకుండా ఒప్పుకుంది. మొహంలో పశ్చాత్తాపం ఏమాత్రం లేదు, ఒకటే కుతూహలం.

“మీ భాష నేర్చుకున్నాను. మీ ఆటా పాటా నేర్చుకున్నాను. తిట్లు కూడా నేర్చుకున్నాను. ఏం తప్పు చేశాను?”

“వద్దు సేరూ, ఏం మాట్లాడకు,” అన్నాడు గౌండర్.

సేరు వెళ్ళి సాక్ష్యంగా దాచిన పెట్టెని తెచ్చి, సూది అలాగే ఉండగా, ఆమె ముందు బల్ల మీద పెట్టాడు. లోపల అన్నం అలాగే ఉంది. మూత ఆమె వైపు తిప్పాడు.

“పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు మీరు,” అన్నాడు, పరాయి మనిషితో మాట్లాడినట్టు ఆ అమ్మాయిని మొదటిసారి ‘మీరు’ అంటూ. “తీసుకోండి. కుస్తీ పట్టక్కర్లేదు, చాలా తేలిగ్గా తెరుచుకుంటుంది.”