శాలిబండ చంద్రహారం

1976 మార్చి 9, మంగళవారం. ఉదయం పది గంటల పది నిమిషాలు.

శాలిబండలో విశ్వేశ్వర్ ఇంటి హాల్లో, టేబుల్ మీద ఒక చంద్రహారం మెరుస్తోంది. పోయిందని కంప్లయింట్ ఇచ్చిన నగ అదే.

"గిల్టు! మా అమ్మ హారం ఇరవై తులాలు. దాన్ని కొట్టేసి, దాని జాగల గీ గిల్టుది పెట్టిన్రు. చేసింది గిదే!" అని విశ్వేశ్వర్ వేలు చూపించాడు.

గోడ పక్కన అజీజున్నీసా నిలబడి ఉంది. యాభై ఏళ్ల రఫూ మనిషి. యాకుత్‌పురాలో ఉంటుంది. ఇల్లిల్లూ తిరిగి పట్టుచీరల చిరుగులు కనపడకుండా అల్లుతుంది. మడతలు మార్చి, నీడన ఆరబెట్టి, జరీ నల్లబడకుండా చూస్తుంది. ముప్పై ఏళ్లుగా అదే ఆమె కూడు. ఒక్కసారి దొంగ అనిపించుకున్న రఫూ మనిషి ముందు ఇంకెవరూ పెట్టె తాళం తీయరు.

ఎస్సై బాలనర్సింహ విశ్వేశ్వర్‌ను కిందికీ మీదికీ చూశాడు. ఈయన నాలుగేళ్ల కిందట ఎలక్షన్లో నిలబడ్డాడు. డిపాజిట్ పోయింది. ఇంటి ముందు 'ప్రజానాయకుడు' బోర్డు మాత్రం ఇంకా వేలాడుతోంది. ఇలాంటి పెద్దమనుషులంటే ఎస్సైకి ఒళ్లు మండుతుంది.

"గిల్టని ఎప్పుడు తెలిసింది?"

"పొద్దుగాల ఎనిమిదింటికి. పాలిష్ పట్టిద్దామని కంసాలి శివయ్య దగ్గరికి తీస్కపోయిన. గీటు పెట్టి చూసి గిల్టన్నడు. ఎనిమిదిన్నరకు దీని గల్లీకి పోయి పట్టుకొచ్చిన."

"పట్టుకొచ్చినవా? గల్లీ అంత వినేటట్టు చోర్, చోర్ అని ఒర్లినవు!" అజీజున్నీసా అందుకుంది. "పక్కింటి రఫియా నన్ను చూసి తలుపేసుకుంది సాబ్."

"పాలిష్ ఇవాళే ఎందుకు?" ఎస్సై పట్టించుకోనట్టు అడిగాడు.

మూలన కూర్చున్న విశ్వేశ్వర్ చెల్లెలు సుగుణమ్మ జవాబిచ్చింది. "ఎల్లుండి నా బిడ్డ పెండ్లి. గా హారం నాకియ్యాలని సచ్చిపోయేటప్పుడు మా అమ్మ చెప్పింది. అన్న రేపు ఇస్తనన్నడు."

"దొంగతనం ఎప్పుడు జరిగింది?"

"నిన్న నాలుగు నుంచి నాలుగున్నర. మా ఆమె కళావతి చాయ్ పెట్టనీకి పోయింది. ఇదొక్కతే బట్టల రూంల ఉండె. గింతకన్న ఏం కావాలె? లోపలెయ్యండి!" విశ్వేశ్వర్ నవ్వాడు. "ఎస్సైగారూ, మీ జీతంల బంగారం ఎన్నడన్న చూసిన్రా? ఇరవై తులాలంటే ఎంతో తెలుసా?"

కానిస్టేబుల్ ఎల్లప్ప తల దించుకున్నాడు. ఎస్సై నోట్‌బుక్‌లో పేజీ తిప్పి అజీజున్నీసా వైపు తిరిగాడు.

"ఖాలా, నిన్న నగ డబ్బా ముట్టుకున్నవా?"

"కళావతమ్మ ముట్టనిస్తెనే గద! జరీ పట్టేముందు నేనెప్పుడూ చేతులు కడుక్కుంట సాబ్. అయినా డబ్బా దూరం జరిపింది. నా బట్టలకు అత్తరుంది, తగిలితే నగ ఖరాబైతదన్నది."

"లోపల ఏముందో చూసినవా?"

"ఆమె మూత తీసి చూసుకుంటుంటె కనపడ్డది. దూదిల చుట్టి పెట్టిన్రు. పక్కకు సుద్దముక్క."

బాలనర్సింహ బట్టల గదిలోకి వెళ్లాడు. సగం మడిచిన పట్టుచీరలు చాప మీద ఉన్నాయి. బీరువాలో మఖ్మల్ డబ్బా. అందులో దూది, సుద్దముక్క. అద్దం ముందు రంగులేని నెయిల్ పాలిష్ సీసా, సగం ఖాళీ.

విశ్వేశ్వర్ భార్య కళావతి తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమె గోళ్లకు గోరింటాకు తప్ప ఏమీ లేదు.

పదకొండున్నరకు అందరినీ హాల్లో కూర్చోబెట్టాడు. హారాన్ని తిరగేసి, వెనక వైపు బొటనవేలి గోరుతో గీకాడు. పల్చటి పొర లేచింది.

"అమ్మా, సుద్దముక్క ఎందుకు పెట్టిన్రు?"

కళావతి మొగుడి వైపు చూసింది. ఎస్సైయే జవాబు చెప్పాడు.

"తేమ పీలుస్తదని. దూది, గాలి తగలొద్దని. అత్తరు తగిలితే గిల్టు నల్లబడతది. బంగారానికి గిన్ని సేవలు ఎవరు చేస్తరు?"

"మా ఆమెకు జాగ్రత్త ఎక్కువ," అన్నాడు విశ్వేశ్వర్. "అదీ కేసేనా?"

"అది కాదు. గిది చూడు." ఎస్సై హారం వెనక్కి తిప్పి అతని ముక్కు ముందు పెట్టాడు. "నెయిల్ పాలిష్. చెమటకు గిల్టు పాడుకావద్దని పూసింది. ఒకటి కాదు, మూడు పూతలున్నయి. పైది కొత్తది. అడుగుది పసుపెక్కి పగుళ్లు పట్టింది. అట్ల కావాలంటె ఏండ్లు పట్టాలె. నిన్న అరగంటల ఎట్లయితది? గీ హారం ఏండ్ల సంది మీ బీరువాలనే ఉంది. అసలుది పోయి అన్నేండ్లయింది."

"గివన్నీ నీకెట్ల తెలుసు?" విశ్వేశ్వర్ అరిచాడు. 'ఎస్సైగారూ' ఎప్పుడో ఎగిరిపోయింది.

"మా ఆమె నీలమ్మ నగలన్నీ గిల్టువే. ప్రతి దసరాకు కూసోని పూతలు పెట్టేది నేనే. నా జీతంల బంగారం ఎన్నడన్న చూసిన్నా అని అడిగినవు గద? చూడలే. గిల్టు మస్తు చూసిన. మనుషుల్ల గూడ."

ఎల్లప్ప దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

కళావతి భోరుమంది. "ఎలక్షన్లకు అమ్మిండు. నేను వద్దన్న. గిల్టుది తెచ్చి నా మెడల ఏసిండు. ఇప్పుడు చెల్లెకు ఇయ్యాల్సొచ్చిందని గీ ముసల్దాని మీదికి నెట్టిండు."

సుగుణమ్మ లేచి అన్న ముందుకు వచ్చింది. "గోడల మీద నీ మొకం అంటించుకోనీకి అమ్మ హారం అమ్మినవా? థూ!"

విశ్వేశ్వర్ జేబులోంచి వంద నోటు తీశాడు. "ఖాలా, మనసుల పెట్టుకోకు. ఇగో ఉంచుకో. చీరల పని గూడ నీకే."

అజీజున్నీసా ఆ నోటును చూడనైనా చూడలేదు. "నువ్వు నన్ను యాడ దొంగన్నవో, గాడికే వచ్చి కాదని చెప్పు."

"జీపెక్కు," అన్నాడు ఎస్సై. "ముందు యాకుత్‌పురా. తర్వాత స్టేషన్. దొంగ కంప్లయింట్‌కు కేసు రాయాలె."

పన్నెండూ నలభై. గల్లీలో కుళాయి దగ్గర బిందెలు వరసగా ఉన్నాయి. ప్రజానాయకుడు జీపు దిగి, చెప్పుల వైపు చూస్తూ ఏదో గొణిగాడు.

"వినపడలే," అంది అజీజున్నీసా. "పొద్దుగాల చెవుడున్న బాబూమియా గూడ విన్నడు."

"అజీజున్నీసా దొంగ కాదు!"

అరుగు మీద బాబూమియా బీడీ కాలుస్తూనే ఉన్నాడు, తల తిప్పలేదు.

"ఇంక జోర్‌సే."

"అజీజున్నీసా దొంగ కాదు! నేనే అబద్ధమాడిన!"

బాబూమియా తలెత్తాడు. రఫియా ఇంటి తలుపు తెరుచుకుంది. రఫియా తొంగి చూసి, మళ్లీ లోపలికి వెళ్లి, తెల్లగుడ్డలో చుట్టిన తన షాదీ దుపట్టా తెచ్చి రెండు చేతులతో చాచింది. కళ్లెత్తలేకపోయింది.

"ఖాలా, అంచు తెగింది. జర చూస్తవా?"

అజీజున్నీసా వెంటనే అందుకోలేదు. కుళాయి దగ్గరికి వెళ్లి మోచేతుల దాకా కడుక్కుంది. కొంగుతో తడి లేకుండా తుడుచుకుంది.

"ఇప్పుడియ్యి," అంది. "గిది అసలు జరీ."