బొమ్మరింటి తలుపు

ఆ ఇంటి వెనక గదిలో తలుపు నిలవదని పేరు. రాత్రి గడియ పెట్టి పడుకుంటే తెల్లారేసరికి బార్లా తెరిచి ఉంటుందట. కాపురం వచ్చినవాళ్ళెవరూ ఏడాది తిరక్కుండానే సామాను సర్దుకున్నారట. ఇన్ని ‘అట’లు ఎందుకంటే, ఇదంతా పై వాటా ఆవిడ చెప్పగా విన్నదే. ఆవిడ గోరంతలు కొండంతలు చేసే మనిషి. ఈ కథ మాత్రం గొంతు తగ్గించి చెప్పింది.

అద్దె తక్కువంటే జనం దెయ్యంతోనైనా కాపురం చేస్తారు కదా... లిఫ్టులు బాగుచేసే ఆయనొకడు ఆ ఇంట్లో దిగాడు. ఆయనా, ఏడేళ్ళ కూతురూ. భార్య పోయి ఎన్నాళ్ళో కాలేదు. గది సంగతి చెబితే నవ్వాడట — తలుపులు వాటంతటవే తెరుచుకోకపోతేనే జనం నాకు కబురు పెడతారమ్మా, అని.

ఆ నవ్వు పైపైనే. లోపల దిగులు వేరే ఉంది. తల్లి పోయినప్పటి నుంచి పాప నోరు విప్పలేదు. తింటుంది, బడికి వెళ్తుంది, లెక్కలు చేస్తుంది... మాట మాత్రం లేదు. గొంతులో ఏ లోపమూ లేదన్నారు డాక్టర్లు. చూడ్డానికొచ్చిన ఆయన అక్క పై వాటాలో కాసేపు కూర్చుని కిందికి దిగి, పిల్ల గొంతు పట్టుకున్నది ఆ గదిలోదేనని తేల్చేసింది. ఈ ఇంటికి రాకముందు నుంచే మాట లేదు కదక్కా అంటే, మీరొస్తారని ముందే కనిపెట్టిందిరా అంది. ఆవిడతో వాదించి గెలిచినవాడు ఇంకా పుట్టలేదు. ఆదివారం వచ్చి పిల్లని తనతో తీసుకుపోతానని చెప్పి వెళ్ళింది.

ఆదివారం లోగా పాప చేత ఒక్క మాటైనా పలికించాలి. లేకపోతే ఉన్న ఒక్క మనిషీ ఇంట్లోంచి వెళ్ళిపోతుంది.

అందుకే బొమ్మరిల్లు కొన్నాడు. కొన్నాడంటే ఇల్లు కాదు, పెట్టెడు చెక్కముక్కలు. పలుచటి పలకల్లోంచి గోడలూ మెట్లూ కిటికీలూ ఒక్కొక్కటే ఊడదీసి, గరుకు కాగితంతో అంచులు రుద్ది, బంక పెట్టి, ఆరేదాకా వేళ్ళతో అదిమి పట్టుకోవాలి. వెనక గదిలో బల్ల మీద తండ్రీకూతుళ్ళు మొదలుపెట్టారు. పాప ముక్కలు అందించేది, ఆయన గోడ నిలబెడుతుంటే ఊపిరి బిగబట్టేది. మాట్లాడకపోయినా దగ్గరికొచ్చి కూర్చుంది. ఆయనకి అదే పదివేలు అనిపించింది.

చివరికి వీధి తలుపొకటి మిగిలింది. తెరిచి మూసే తలుపు కాదది, చట్రంలో పెట్టి అతికించేయడమే. అతికించి, పాపని పడుకోబెట్టి, తనూ పడుకున్నాడు.

పొద్దున చూస్తే... తలుపు ఊడి బల్ల మీద ఉంది.

బంక నాసిరకం అనుకున్నాడు. పనిలో వాడే గట్టి బంక తెచ్చి, ఆరేసిన బట్టలకి పెట్టే క్లిప్పులు బిగించి మళ్ళీ అతికించాడు.

పొద్దున... క్లిప్పులు ఒక పక్కన వరసగా పేర్చి ఉన్నాయి. తలుపు మళ్ళీ బల్ల మీద. గోడలు కదల్లేదు, మెట్లు కదల్లేదు. ఊడింది తలుపొక్కటే.

ఆయన ఆ రోజంతా ఏ లిఫ్టు తలుపు తెరుచుకున్నా ఉలిక్కిపడ్డాడట. అక్క చెప్పిందే నిజమేమో... దెయ్యమే అయితే దానికేం కావాలో అడిగి ఇచ్చేద్దాం, పిల్లని వదిలితే చాలు అనుకున్నాడు.

తెల్లారితే ఆదివారం. ఆ రాత్రి మరోసారి తలుపు అతికించి, లైటు ఆర్పి, బీరువా పక్కన నేల మీద కూర్చున్నాడు.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత... అడుగుల చప్పుడు. మెల్లగా... ఆగి... మళ్ళీ.

గది తలుపు తెరుచుకుంది. ఎవరో బల్ల దగ్గరికి వెళ్ళారు. గర్... గర్... చెక్క మీద ఇనుము గీరుతున్న చప్పుడు.

ఆయన గోడ తడిమి స్విచ్చి నొక్కాడు —

పాప!

చేతిలో చెంచా. దాని కాడతో తలుపు అంచున గీరుతోంది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయి ఆయనకి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"తలుపు మూసెయ్యకు నాన్నా," అంది పాప. ఇన్నాళ్ళూ వాడని గొంతు బొంగురుగా ఉంది.

ఎందుకమ్మా అని అడిగాడు.

"అమ్మ వస్తానంది కదా."

"మరి... నాతో ఎందుకు మాట్లాడవు తల్లీ?"

"నేను మాట్లాడుతుంటే అమ్మ పిలిస్తే వినపడదు."

ఆయనకి ఆస్పత్రికి బయలుదేరిన పొద్దు గుర్తొచ్చింది. గుమ్మంలో నిలబడి భార్య, వెళ్తున్నానండీ, పిల్ల జాగ్రత్త, అంది. తిరిగి రానని ఆవిడకి తెలుసు. ఆయనే కసురుకున్నాడు — వెళ్తున్నా అనకూడదు, వస్తా అనాలి, అని. అంతలో లోపల్నుంచి పాప అమ్మ చెప్పులు పట్టుకొచ్చింది. భర్త మాట కాదనలేక ఆవిడ నవ్వి, వస్తానే బంగారం, అంది. గుమ్మం దాటే ప్రతివాళ్ళూ అనే మాటే అది. పెద్దవాళ్ళం కాబట్టి మనకి దాని అర్థం తెలుసు.

ఆయన పాప ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అమ్మ వెళ్తున్నాననే అంది తల్లీ. వస్తానని నేనే అనిపించాను."

పాప ఆయన మొహంలోకి చూసింది.

"అమ్మని నాకు చెప్పనివ్వాల్సింది నాన్నా," అంది.

 చెంచా బల్ల మీద పెట్టేసి పాప ఆయన భుజం మీద తల పెట్టింది. ముందు వెక్కిళ్ళు... తర్వాత ఏడుపు. తల్లి పోయాక అదే మొదటిసారి ఏడవడం.

ఏడవకూడదమ్మా, అని ఆయనకి నోటిదాకా వచ్చింది. మింగేశాడు.